తొమ్మిదో నంబరు పెట్టె

మౌంట్ ఆల్బర్ట్, ఆక్లాండ్
6 మే 2025, మంగళవారం

ఉషక్కా,

ఈ కాగితం నీకు స్పాంజి కింద దొరికి ఉంటుంది. కంగారు పడకు. పెట్టె సర్దేది నేనే, తిరిగొచ్చాక విప్పేదీ నేనే, అక్కడ వస్తువులు సరిచూసేది నువ్వు. ఆ స్పాంజిని ఇంకెవరూ ఎత్తరు.

పోయిన వారం మీ స్కూలు నుంచి వచ్చిన స్థితి పత్రం మీద, పెట్టెలో ఏ వస్తువు ఎలా ఉందో రాసే కాగితం అది, సంతకం చూశాను. పదో తరగతిలో నా ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ పేరు పెట్టిన చెయ్యి అది, నేను మర్చిపోతానా. నువ్వు అక్కడ టీచర్ ఎయిడ్‌గా చేరావని ఒక సంతకం చెబితే తెలిసింది నాకు. మౌంట్ ఆల్బర్ట్‌కీ హాబ్సన్‌విల్‌కీ మధ్య కార్లో ఇరవై నిమిషాలు.

మా మ్యూజియం స్కూళ్లకి ఇలాంటి పెట్టెలు అరువిస్తుంది. వ్యాన్ మంగళవారం దించుతుంది, శుక్రవారం తీసుకొస్తుంది. తొమ్మిదో నంబరులో ఒక స్టోట్ ఉంటుంది. మన ముంగిసకి సన్నటి తమ్ముడు అనుకో, చచ్చాక కూరి నిలబెట్టింది. కివీ కాలి ఎముకలు మూడు, గుడ్డు పెంకులు రెండు, చెక్క గూట్లో బిగించిన ఉచ్చు ఒకటి.

దసరా రోజు జరిగింది నేను మర్చిపోలేదు. చచ్చిన పక్షుల తోలు ఒలిచే చేతులతో మా వంటింట్లోకి రావద్దని బావ అన్నాడు. నువ్వు తలెత్తలేదు. నాకు కాగితం గ్లాసులో నీళ్లిచ్చావు. మర్నాటి నుంచి నువ్వు నాకు ఫోన్ చేయలేదు. శాండ్రింగ్‌హామ్ హోటల్లో కూర్చుని రెండు ప్లేట్ల చికెన్ బిర్యానీ తినే మనిషికి నా చేతుల మైల అంటుతుందా అని ఏడు నెలలుగా ఆలోచిస్తున్నాను. ఆయన సంగతి సరే. నీకెప్పటి నుంచి అక్కా ఈ మడి?

కోపం లేదు. కోపమొస్తే నా అక్షరాలు పెద్దవవుతాయని నీకు తెలుసు.

స్థితి పత్రం జాగ్రత్తగా నింపు. ప్రతి వస్తువుకీ పాత దెబ్బ, కొత్త దెబ్బ వేరువేరుగా రాయాలి. వెళ్లేటప్పుడు ఎలా ఉందో రాసుకోకపోతే, వచ్చేటప్పుడు ఎవరు పాడుచేశారో తేలదు.

ఆశ


హాబ్సన్‌విల్
9 మే, శుక్రవారం

ఆశా,

చదివాను. టాయిలెట్‌లో తలుపేసుకుని రెండుసార్లు చదివాను. బయట టీచర్ నన్ను పిలుస్తూనే ఉంది.

మడే అనుకో. పెళ్లయ్యాక ఇంటిని బట్టి నడుచుకోవాలి. ఫోన్ చేయకు, ఇంటికి రాకు. ఇలా రాస్తూ ఉండు, చాలు.

కప్పని కొయ్యమంటే సిస్టర్ ఫిలోమినా మీద పడి మూర్ఛపోయిన దానివి. ఆవిడ తెల్ల బట్టల మీద నీ పొద్దుటి ఇడ్లీ అంతా కక్కావు. ఆ పిల్ల ఇప్పుడు పక్షుల తోలు ఒలుస్తోందంటే కాన్వెంట్‌లో ఎవరూ నమ్మరు.

పిల్లలు స్టోట్‌ని చూసి ఎంత ముద్దుగా ఉందో అన్నారు. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన కుందేలుని మెడ వెనక కొరికి చంపుతుందని టీచర్ చెప్పింది. అప్పటి నుంచి వాళ్లకి ఇంకా ముద్దొస్తోంది. మధ్యాహ్నం ఆటల్లో ఇరవై మంది ఒకళ్ల మెడ ఒకళ్లు కొరుక్కుని చచ్చిపోయారు.

నా అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. మణికట్టుకి కారు తలుపు తగిలింది.

మా శ్రీజ తరగతిని పద్నాలుగో తేదీన మీ మ్యూజియానికి తెస్తున్నారు. నేనూ వెంట వస్తాను. మరీ మీద పడి ముద్దులు పెట్టకు, దానికి ఎనిమిదేళ్లు, ఇంటికెళ్లి అన్నీ చెప్పేస్తుంది. పిన్నీ అని పిలిస్తే మాత్రం పలుకు.

స్టోట్ ఎడమ చెవి వదులు. పాతదని రాశాను. మేం చేసింది కాదు.

నీ అక్క


మౌంట్ ఆల్బర్ట్
20 మే, మంగళవారం

అక్కా,

నువ్వు రాలేదు. జ్వరమని టీచర్ చెప్పింది. నన్ను చూడాల్సి వస్తుందని తెచ్చుకున్న జ్వరం అనుకున్నాను. పోనీలే.

శ్రీజ వచ్చింది. నా వెనకే నడిచింది, నా చెయ్యి పట్టుకోలేదు. బస్సు ఎక్కే ముందు మాత్రం పిన్నీ అంది. తెలుగులో ఆ ఒక్క మాటే.

ఆ రోజు మేం చేయించిన పాఠం పేరు 'ఎవరు చంపారు?' స్కూళ్లకి వారంలో, కుటుంబాలకి ఆదివారం చేయిస్తాం. నాలుగు బల్లలు, బల్లకొక చచ్చిన పక్షి. పిల్లలు భూతద్దంతో గాయం వెతికి, స్కేలుతో కొలిచి, ఎవరి పనో చెప్పాలి. మెడ వెనక రెండు సన్నటి రంధ్రాలుంటే స్టోట్. ఈకలు చెల్లాచెదురై, ఒళ్లు చీలి ఉంటే పిల్లి. నాలుగో బల్ల మీది కివీ దగ్గర అందరూ ఓడిపోతారు. దాని ఒంటి మీద గీత కూడా ఉండదు. చంపింది కుక్క. మిగతా పక్షులకున్నట్టు కివీకి గట్టి రొమ్ము ఎముక లేదు, నోట కరుచుకుని ఒక్కసారి నొక్కితే లోపలంతా నలిగిపోతుంది. పైకి ఏమీ కనపడదు.

శ్రీజ అడిగింది, అది అరిచిందా అని. తెలియదన్నాను. అరిచినా ఎవరికీ వినపడలేదేమో అని ఇంగ్లీషులో అని వెళ్లిపోయింది.

తోళ్లు సిద్ధం చేసే నైరీ ఆంటీ పిల్లలకి ఉచ్చు చూపించింది. పొలాల్లో పెరిగిన మనిషి, అరవై ఐదేళ్లు. చిన్నప్పుడు అలాంటి ఉచ్చులోనే చెయ్యి పెట్టింది, ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పక్కకి తిరిగి ఉంటాయి. లోపల ఎరగా గుడ్డు పెడతాం కానీ స్టోట్ గుడ్డు కోసమే రాదట. కన్నం కనపడితే లోపలేముందో చూడకుండా పోలేదట. కడుపు నిండి ఉన్నా సరే.

పిల్లలకి ఇంటిపని కూడా ఇచ్చాం. తలా ఒక పసుపు స్కేలు, ఒక షీటు. ఇంట్లో ఏదైనా ఒక గుర్తు వెతకాలి, కుక్క కొరికిన చెప్పో, పిల్లి గీకిన సోఫానో. కొలిచి, బొమ్మ వేసి, ఎవరి పనో రాయాలి. షీటు మీద పేర్లుండవు, నంబర్లే. శుక్రవారం పెట్టెలో తిరిగొచ్చాయి, శని, ఆదివారాలు కూర్చుని అన్నీ దిద్దాను. నలభై ఒకటో నంబరు చూసి ముచ్చటేసింది. ఐదు గుర్తులు, ఒక పక్క నాలుగు, అవతలి పక్క ఒకటి, మధ్య దూరం మిల్లీమీటర్లతో సహా. దొరికిన చోటు వంటిల్లు. ఎవరి పనో రాయలేదు. కుక్క పళ్లేమో అనుకున్నాను. 'చాలా బాగా కొలిచావు. ఊహించకు. ఇంట్లో ఉన్న అందరినీ కొలిచి, ఎవరికి సరిపోతుందో చూడు' అని రాసి బంగారు నక్షత్రం అంటించాను. షీట్లన్నీ ఈ పెట్టెలోనే, టీచర్ పేరున్న కవరులో ఉన్నాయి.

జ్వరం తగ్గిందా? నిజంగా వచ్చి ఉంటేనే అడుగుతున్నాను.

ఆశ


హాబ్సన్‌విల్
30 మే, శుక్రవారం

ఆశా,

నలభై ఒకటి శ్రీజది.

మా ఇంట్లో కుక్క లేదు. పోయిన శుక్రవారం పెట్టెలో ఉత్తరం లేకపోవడానికి కారణం, నేను ఆ రోజు స్కూలుకి రాలేదు. ఇప్పుడు చెబుతాను.

ఇరవై రెండు, గురువారం. ఆయన అన్నం తింటున్నారు. శ్రీజ పసుపు స్కేలు పట్టుకుని వచ్చింది. ముందు తన చెయ్యి కొలుచుకుంది. తర్వాత నాది. తర్వాత, డాడీ చెయ్యివ్వు, హోంవర్క్ అంది. ఆయన నవ్వుతూ ఎడంచెయ్యి ఇచ్చారు. కుడిది కావాలంది. ఎంగిలి చెయ్యి చాపారు. అది వేళ్లు విడదీసి, బొటనవేలికీ మిగతా నాలుగింటికీ మధ్య కొలిచి రాసుకుంది. నా దగ్గరికొచ్చి నా జాకెట్ చెయ్యి పైకి లాగింది. గుర్తులు అప్పటికి పసుపుపచ్చగా మారాయి. షీటు వాటి పక్కన పెట్టి చూసి, సరిపోయింది అంది. ఇంగ్లీషులో, టీచర్‌కి జవాబు చెప్పినట్టు.

ఆయన పెరుగన్నం కూడా తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. శ్రీజని గదిలోకి వెళ్లి తలుపేసుకోమన్నారు. తర్వాత నా జుట్టు పట్టుకుని పొయ్యి గట్టు అంచుకి తల కొట్టారు. రెండుసార్లు. పడిపోయాక పక్కలో తన్నారు, ఎన్నిసార్లో తెలియదు. ఊపిరి తీస్తే లోపల ఏదో గుచ్చుకుంటోంది. డాక్టర్ దగ్గరికి పంపలేదు. దెబ్బ జుట్టులో ఉంది కాబట్టి పైకేమీ కనపడదు, నీ కివీ లాగా. ఆ తర్వాత శ్రీజ గదిలోకి వెళ్లి షీటు నాలుగు ముక్కలు చేశారు. అది టేపు అంటించి దాచుకుంది.

మడి లేదే ఆశా. ఎప్పుడూ లేదు. దసరా రోజు నా చెంప చూసి ఏమైందక్కా అని నువ్వు అడిగావు. అది ఆయన విన్నారు. అందుకే నువ్వు రాకూడదు. నీ చేతుల మాట అప్పటికప్పుడు నోటికొచ్చింది. నువ్వు కోపం తెచ్చుకుని దూరంగా ఉంటే నీకే మంచిదని నేనూ ఊరుకున్నాను. కాగితం గ్లాసు మాత్రం మడి కోసం కాదు. చెయ్యి వణుకుతోంది, గాజు గ్లాసు పట్టుకోలేకపోయాను.

నిన్ననడం లేదు. కానీ అది కొలిచింది నువ్వు రాశావనే. నక్షత్రం చూసి ఎంత సంతోషించిందో.

ఉష


మౌంట్ ఆల్బర్ట్
3 జూన్, మంగళవారం

అక్కా,

మూడు రోజులుగా రాసి చింపేస్తున్నాను. క్షమించమని అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. పక్షి మెడ మీద పిన్నుమొన అంత రంధ్రం కనిపెడతాను. నీ చేతి మీద మనిషి చెయ్యి కనిపెట్టలేకపోయాను.

పని మాటలు రాస్తాను. ఆడవాళ్లకి ఆశ్రయమిచ్చే ఇల్లు ఒకటి ఉంది, నైరీ ఆంటీకి వాళ్లు తెలుసు. నువ్వూ శ్రీజా ఏ రోజు వచ్చినా గది ఇస్తారు. వ్యాన్ నడిపే లోకేశ్ మన తెనాలి వాడే, చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, ఎక్కువ మాట్లాడడు. శుక్రవారం రెండింటికి పెట్టె కోసం వచ్చినప్పుడు మీరిద్దరూ ఎక్కితే చాలు. పోలీసులకి ఇప్పుడే చెప్పమంటావా? నువ్వు ఊ అనకుండా చెప్పను. నీకు తెలియకుండా నీ ఇంట్లోకి ఒకసారి చెయ్యి పెట్టాను, అది చాలు.

ఊపిరి తీస్తుంటే ఇంకా గుచ్చుకుంటోందా? అది ఒక్కటైనా రాయి.

ఆశ


హాబ్సన్‌విల్
6 జూన్, శుక్రవారం

ఆశా,

రెండింటికి వ్యాన్ ఎక్కగలను. తర్వాత? నా పాస్‌పోర్టు, శ్రీజ పాస్‌పోర్టు ఆయన కారు డిక్కీలో, స్టెప్నీ కింద ఉన్నాయి. కారు తాళం స్నానానికి వెళ్లినా వదలరు. నేను గడప దాటితే ఆ సాయంత్రమే పిల్లని తీసుకుని విమానమెక్కుతానని, దాని ముఖం మళ్లీ చూడవని చెప్పారు. చేస్తారు. పోలీసులకి చెప్పకు.

నా వేలికి సిరా అంటి ఉండటం చూశారు. ఎవరికి రాస్తున్నావని అడిగారు. స్కూలు పని అన్నాను. రోజూ వచ్చీ రాగానే నా బ్యాగులో చెయ్యి పెట్టి వెతుకుతున్నారు. దిండు గలీబులు అయ్యాయి. మొన్న బియ్యం డబ్బాలో మోచేతి దాకా దింపి చూశారు. నీ మూడు ఉత్తరాలూ స్కూల్లో ఎర్ర కాగితాల కట్ట మధ్య దాచాను. చించేయమని నువ్వు అంటావు. నా చేత కాదు.

ఇంకో సంగతి. మీ 'పెట్టె ఇంటికి' పథకంలో ఒక్కో పిల్లకి ఒక్కో సాయంత్రం ఇస్తున్నారు కదా, శ్రీజ వంతు వచ్చే గురువారం. మీరు పంపే ఉచ్చుకి స్ప్రింగు తీసేసి ఉంటోంది, పిల్లలు నమ్మడం లేదు. అసలుది పంపించమని టీచర్ అడుగుతోంది. దానికి బోల్టు ఏదో ఉంటుందట కదా, ఏ సైజు?

గుచ్చుకోవడం తగ్గింది.

ఉష


మౌంట్ ఆల్బర్ట్
10 జూన్, మంగళవారం

అక్కా,

అక్షరాలు పెద్దవి అయ్యాయి కదూ. అవును, కోపమే.

నేను నీ ప్రాణం గురించి అడుగుతుంటే నువ్వు పాఠం గురించి రాస్తున్నావు. ఉచ్చు, స్ప్రింగు, బోల్టు. చిన్నప్పుడూ ఇంతే, ఏడుపొస్తే లేచి అలమర సర్దేదానివి. ఆ ఇంట్లోనే ఉండిపోవాలని నిశ్చయించుకున్నావని నాకు అర్థమైంది. సర్దుకుపోవడం మనకి నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పలేదు.

టీచర్ అడిగిందన్నావు కాబట్టి అసలు ఉచ్చు పెట్టాను. ఉచ్చు పడకుండా బోల్టు బిగించి ఉంది, పన్నెండో నంబరు స్పానర్ ఉంటే గానీ ఊడదు. అది తరగతి గది దాటకూడదు. శ్రీజ వంతు రోజు తీసి బీరువాలో పెట్టమని టీచర్‌కి చెప్పు. బోల్టు తీయకు. నైరీ ఆంటీ వేళ్లు ఎలా ఉంటాయో నీకు రాశాను.

శుక్రవారం వరకు చూస్తాను. పెట్టెలో నీ ఉత్తరం లేకపోతే ఆ నిమిషమే పోలీసులకి ఫోన్ చేస్తాను. ఆ తర్వాత నువ్వు జన్మలో నాతో మాట్లాడకపోయినా సరే.

ఆశ


తొమ్మిదో నంబరు పెట్టె, స్థితి పత్రం వెనక వైపు
13 జూన్, శుక్రవారం

ఆశా,

ముందు వైపు గళ్లు చాలలేదు, ఇటు రాస్తున్నాను.

స్టోట్. ఎడమ చెవి వదులు, పాతది. కొత్తవి లేవు.
కివీ కాలి ఎముకలు మూడు. బాగున్నాయి.
గుడ్డు పెంకులు రెండు. ఒకటి నలిగింది, కొత్తది.
ఉచ్చు. పెట్టెలో లేదు. పోలీసుల దగ్గర ఉంది, రసీదు జత చేశాను. స్ప్రింగు పనిచేస్తోంది.

టీచర్ అడగలేదు. నేనే అడిగాను. ఎందుకని నన్ను నేను అడిగితే, ఉత్తరాలు దాచడానికి ఇంట్లో ఇంకో చోటు మిగల్లేదని చెప్పుకున్నాను. నిన్న నాలుగింటికి ఆయన పనిముట్ల డబ్బాలోంచి స్పానర్ తీసి బోల్టు విప్పాను. ఉచ్చు ఎలా ఎక్కుపెట్టాలో నైరీ ఆంటీ పిల్లలకి చూపించింది శ్రీజకి గుర్తుంది, నాకు నోటితో చెప్పింది. పిల్లని దగ్గరికి రానివ్వలేదు. స్కూలు నుంచి తెచ్చిన నీ నాలుగు ఉత్తరాలూ గూటి చివర పెట్టి, కన్నంలోంచి ఒక అంచు కనపడేలా వదిలాను.

ఆరింటికి వచ్చారు. ముందు నా బ్యాగు చూశారు. తర్వాత పెట్టె మూత తీసి, ఇదేమిటన్నారు. శ్రీజ స్కూలు పెట్టె అన్నాను. అందులో ఉచ్చుంది, చెయ్యి పెట్టకండి అన్నాను. ఉన్నదున్నట్టే చెప్పాను ఆశా. శ్రీజ కూడా, వద్దు డాడీ అంది. ఆయన వంగి కన్నంలోకి చూశారు.

"ఉచ్చులో ఉత్తరాలెందుకే?" అన్నారు.

నవ్వారు. కుడిచెయ్యి పెట్టారు.

ఒక్కటే చప్పుడు, కొబ్బరికాయ కొట్టినట్టు. మూడు వేళ్లు. చూపుడువేలి ఎముక బయటికొచ్చింది. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు, ఇన్నేళ్లూ ఆ ఇంట్లో అరిచింది నేనే. ఉచ్చు చేతికి వేలాడుతుండగానే లేచి ఆ చెక్క గూడుతో నా భుజం మీద కొట్టారు, మళ్లీ కొట్టారు. ప్రతి దెబ్బకీ ఆయన చెయ్యే ఇంకా నలిగింది. అయినా ఆగలేదు. పెట్టె కింద పడింది, గుడ్డు అప్పుడే నలిగింది. నేల నిండా రక్తం, అందులో సగం ఎవరిదో తెలియదు. చివరికి ఆయనే కళ్లు తిరిగి పడిపోయారు.

శ్రీజ అప్పటికే పోలీసుల నంబరు 111కి ఫోన్ చేసి, ఇంటి నంబరు రెండుసార్లు చెప్పింది.

పోలీసమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. శ్రీజ టేపు అంటించిన షీటు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆమె షీటు మీది కొలతలు చదివింది. సోమవారం నాటి గుర్తులు నా ఇంకో చేతి మీద ఉన్నాయి, స్కేలు ఇమ్మని అడిగి కొలిచింది. సరిపోయింది. ఈసారి ఎవరూ పైకి అనలేదు.

బోల్టు ఎవరు తీశారని అడిగారు. నేనే అన్నాను. ఎందుకన్నారు. నీకు పైన రాసిందే చెప్పాను. దాని గురించి మళ్లీ పిలుస్తామన్నారు, పిలవనీ. నీ చివరి ఉత్తరంలో బోల్టు తీయకు అన్న వాక్యం వేలు పెట్టి చూపించి, ఇంగ్లీషులో అర్థం చెప్పాను. నీ మీదికి ఏమీ రాకూడదు.

ఆయన మా దగ్గరికి రాకూడదని పోలీసులు కాగితం ఇచ్చారు. ఆయన వెళ్లింది అంబులెన్సులో. కారు తాళం నేల మీద ఉండిపోయింది. పాస్‌పోర్టులు రెండూ నా జాకెట్ లోపల ఉన్నాయి, గుచ్చుకుంటున్నాయి.

రాత్రి పక్కింటి సావిత్రి ఆంటీ దగ్గర పడుకున్నాం. పొద్దున్నే స్కూలుకి వచ్చాం, పెట్టె తిరిగివ్వాలి కదా.

వ్యాన్ వచ్చింది. లోకేశ్ పెట్టె వెనక పెట్టి, మమ్మల్ని ముందు సీట్లో కూర్చోమన్నాడు. ఈ కాగితం స్పాంజి కింద పెట్టడం లేదు, నేనే తెచ్చి ఇస్తాను. నాకు మంచినీళ్లు గాజు గ్లాసులో ఇవ్వు. పగిలితే పగులుతుంది.

తగ్గినవి: పసుపు స్కేలు ఒకటి. శ్రీజ ఇవ్వనంటోంది.

కొత్త దెబ్బలు నువ్వే చూసి రాసుకో. పాతవి నేను చెబుతాను.

ఉష